బంట్రౌతు టోపీ

రేపల్లెలో ఇంతమందికి టోపీలు పెట్టి కూడా మంచి పేరు తెచ్చుకున్న మనిషి రాహేలు ఒక్కతే. పెళ్లి బ్యాండు వాళ్లకీ, బడిపిల్లల కవాతుకీ, నాటకాల్లో పోలీసు వేషాలకీ టోపీ కావాలంటే స్టేషను రోడ్డు వెనక సందులో ఉన్న ఆవిడ మిషను దగ్గరికి రావలసిందే. మామూలు దర్జీలు జాకెట్టు కుడతారు, ప్యాంటు కుడతారు, టోపీ అనేసరికి దండం పెట్టేస్తారు. గుండ్రటి తలకి చదునైన గుడ్డని ఒప్పించడం అంత తేలిక కాదు. ఆ విద్య రాహేలుకి తండ్రి అంద్రెయ నుంచి వచ్చింది. చిన్న వయసులోనే భర్త పోతే పసిపిల్లతో పుట్టింటికి తిరిగొచ్చి తండ్రి మిషను పక్కన రెండో మిషను వేసుకుంది. ఆ పసిపిల్ల రూబీ ఇప్పుడు గుంటూరులో నర్సు. రాహేలుకి అరవై దగ్గర పడింది. సూదిలో దారం ఎక్కకపోతే దారాన్ని తిడుతుందే తప్ప తన కళ్లని ఎవర్నీ ఒక్క మాట అననివ్వదు.

ఆవిడ కుట్టే టోపీలన్నిటిలో ఒకదానికి బంట్రౌతు టోపీ అని పేరు. రేపల్లె నుంచి బాపట్ల దాకా చాలా లూథరన్ చర్చీల్లో గుడ్ ఫ్రైడే నాడు సిలువ నాటకం వేస్తారు. అందులో ప్రభువుని కొరడాలతో కొట్టే రోమా సైనికుల నెత్తిన ఉండేది ఈ టోపీయే. బైబిలు వాక్యంలో యూదుల పెద్దలు పంపిన బంట్రౌతులు వేరు, రోమా సైనికులు వేరు అని చర్చి అయ్యగార్లు మారినప్పుడల్లా కొత్త అయ్యగారు చెబుతూనే ఉంటాడు. జనం వినరు. కొరడా పట్టుకున్నవాడల్లా వాళ్లకి బంట్రౌతే. నీలం గుడ్డ, ముందుకి వాలిన చదును నెత్తి, నుదుటి మీద పూరింటి చూరులా దిగిన చిన్న నల్ల తోలు ముక్క. రోమా వాళ్లు ఇలాంటిది పెట్టుకున్నారా అని ఎవరూ అడగలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాని గురించి ఎవరు మాత్రం అడుగుతారు?

ఆ టోపీ సంగతి ఇదీ. మిషనరీల బంగళాలో ఆఖరి అమెరికా దొర ఊరు విడిచి వెళ్లాక సామాను సర్దడానికి అంద్రెయని పిలిచారు. అటక మీద ఒక రేకు పెట్టె, అందులో చిమటలు కొట్టేసిన బట్టల మధ్య ఒక టోపీ. ఎవరిదని అడిగితే బంగళా వంటమనిషి, "పెద్ద దొరది. ఆయన పెట్టెని ఎవరూ కదపలేదు" అన్నాడు. పెద్ద దొర అంటే చర్చి గోడ మీద ఫొటోలో ఉన్నాయన, రాహేలు ముత్తాతకి బాప్తిస్మం ఇచ్చినాయన. ఊరి పెద్దల గొడ్లచావిట్లో వెట్టి చేసే మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చర్చిలో బెంచీ మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాయన. ఆ కథ రాహేలు ఇంట్లో పిల్లలకి అన్నం ముద్దతో పాటు తినిపిస్తారు. అలాంటాయన టోపీ అంటే అంద్రెయకి ఎంత భక్తో చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ యేడే నాటకంలో సైనికుల నెత్తిన ఏం పెట్టాలో తోచక చర్చి కమిటీ తల పట్టుకుంది. సైనికుడి టోపీ ఎలా ఉండాలో చూపించే వస్తువు ఊరంతటికీ అదొక్కటే కనక, అంద్రెయ దాన్ని ఎదురుగా పెట్టుకుని బోర్డింగు ఆడపిల్లల లంగాల నీలం గుడ్డలో అరడజను కుట్టేశాడు. పాతదాని చిరుగులు కనబడకుండా దానికీ అదే గుడ్డతో తొడుగు వేశాడు. భక్తిగా చూసుకునే టోపీని ప్రభువుని కొట్టేవాళ్లకి ఎలా పెట్టావయ్యా అంటే ఆయన చెప్పేది ఒక్కటే. టోపీ నప్పింది, నాటకం బాగుంది, అంతే.

ఇన్నేళ్లూ నిక్షేపంలా సాగిన ఈ టోపీకి ఈ యేడు గండం వచ్చింది. గండం పేరు రమేష్ బాబు. బ్యాంకులో రిటైరయ్యి చర్చి కమిటీకి సెక్రటరీ అయ్యాడు. ఆ వయసులో మనిషికి దొరికిన అధికారం కదా, ఊరుకుంటాడా? నాటకంలో సైనికుల పెద్ద వేషం కూడా ఆయనదే. లెంట్ ఉపవాసాలు మొదలైన వారం రాహేలుని చర్చి అరుగు మీద ఆపాడు.

"అక్కా, ఏమీ అనుకోకండి. పోయినేడు మన నాటకం యూట్యూబులో పెడితే కింద ఏం రాశారో చూశారా? వీళ్లు రోమా సైనికులా, బ్యాండు మేళమా అని."

"బ్యాండు మేళం టోపీలు కూడా నేనే కుడతాను తమ్ముడూ. వాటికి జరీ ఉంటది" అంది రాహేలు.

"అది కాదక్కా. ఆన్‌లైన్లో బంగారు రంగు హెల్మెట్లు వస్తున్నాయి. పైన ఎర్ర కుచ్చు. ప్లాస్టిక్కే గానీ దూరం నుంచి ఇత్తడి లాగే ఉంటది. కమిటీలో అందరూ సరే అన్నారు."

రాహేలు ఇంటికొచ్చేసింది. మిషను ముందు కూర్చుంది గాని తొక్కలేదు. తండ్రి పోయి ఇరవై యేళ్లు దాటింది. ఆయన కుట్టిన చొక్కాలు చిరిగి మసిగుడ్డలయ్యాయి, వాటిని తొడుక్కున్నవాళ్లు కూడా చాలామంది పోయారు. యేటేటా ఊరంతా చూసే ఆయన పని ఏదైనా మిగిలిందంటే ఆ టోపీ. అదీ పోతే అంద్రెయ అనే మనిషి ఈ ఊళ్లో బతికాడనడానికి సమాధి రాయి ఒక్కటే మిగులుతుంది. చెప్పుకోవడానికి ఇంట్లో ఉన్నది మేనత్త దానమ్మ ఒక్కతే. అంద్రెయ చెల్లెలు, తొంభైకి దగ్గర పడిన మనిషి, చెవులు సగం వినపడవు. దానమ్మ అంతా విని, "ప్లాస్టిక్కు నెత్తిన పెట్టుకుంటే చెమట పట్టి చస్తారు. వాళ్లే తీసేస్తార్లే" అంది.

తర్వాతి వారం తెనాలి నుంచి కోటిలింగం ఫోను చేశాడు. తెనాలిలో నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే షాపు ఆయనది. కిరీటాలు, గదలు, గడ్డాలు, జడలు అన్నీ అక్కడ దొరుకుతాయి; టోపీలు మాత్రం రాహేలు పంపించాలి. "రాహేలమ్మా, ఒకసారి రావాలమ్మా. బాపట్ల కాలేజీ నుంచి మేడమ్ గారొచ్చారు. ఏదో అమెరికా నాటకమంట. ఆ టోపీలు నా బుర్రకెక్కట్లేదు" అన్నాడు. రాహేలు పొద్దుటి బండిలో తెనాలి వెళ్లింది.

ఆ మేడమ్ పేరు దేవిక. చీరాల పక్క చేనేత వాళ్ల పిల్ల, బాపట్లలో ఒక కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. పిల్లల చేత ఒక నాటకం వేయిస్తోంది. నూట అరవై యేళ్ల కిందట అమెరికాలో ఉత్తరం వాళ్లూ దక్షిణం వాళ్లూ చేసుకున్న యుద్ధం కథ. ఫోనులో బొమ్మలు ఒకటొకటీ జరుపుతూ చూపించింది. కుంచం బోర్లించినంత పొడుగుది ఒకటి. అది అంతకుముందు ఇంగ్లీషు వాళ్లతో చేసిన యుద్ధంలోది, తనకి అక్కర్లేదంది. గొడుగంత అంచుతో, ఒక పక్క పైకి మడిచి ఈక గుచ్చింది ఒకటి, ఆఫీసర్లది. ఎర్ర కుచ్చు టోపీ ఒకటి. సాయిబుల టోపీలా ఉందేంటని కోటిలింగం అడిగితే, కొన్ని పటాలాలు సోకు కోసం అలాంటివి పెట్టుకునేవని చెప్పింది. ఇంకోసారి జరిపింది.

"ఆగండాగండి" అంది రాహేలు. "ఇది మా బంట్రౌతు టోపీ కదండీ!"

నీలం గుడ్డ, ముందుకి వాలిన చదును నెత్తి, నల్ల చూరు. ఆ చూరు కింద ఎవరో బక్కపల్చటి తెల్ల కుర్రాడు, తుపాకీ పట్టుకుని ఫొటోకి భయపడుతున్నట్టు నిలబడ్డాడు.

"దీన్ని కెపీ అంటారండి" అంది దేవిక. "రెండు పక్షాల వాళ్లూ పెట్టుకున్నారు. నీలం ఉత్తరం వాళ్లది, బూడిద రంగు దక్షిణం వాళ్లది."

"ఎందుకు కొట్టుకున్నారండీ?"

"బానిసల గురించి. మనుషుల్ని గొడ్లలాగా కొని, అమ్మి, పొలాల్లో చాకిరీ చేయించుకునేవాళ్లు. అది వదులుకోం అని దక్షిణం వాళ్లు విడిపోయారు. ఉత్తరం వాళ్లు గెలిచాక ఆ బానిసలు విడుదలయ్యారు."

"అంటే నీలం టోపీ వాళ్లు విడిపించినోళ్లు."

"అంతేనండి."

రాహేలు పెద్ద దొర సంగతీ, అటక మీది పెట్టె సంగతీ చెప్పింది. దేవిక లెక్క వేసి, ఆ యుద్ధంలో పోరాడిన కుర్రాడు తర్వాత మతబోధకుడై ఇక్కడికి రావడానికి వయసు సరిపోతుందంది. మరి ఆ పాత టోపీ ఉందా అని అడిగితే, నాన్న పెట్టెలో భద్రంగా ఉందని రాహేలు గర్వంగా చెప్పింది. తిరుగు బండిలో జంపని దాటింది, వేమూరు దాటింది, ఆవిడకి ఏ ఊరూ కనబడలేదు. పెద్ద దొర అక్కడ మనుషుల్ని విడిపించాడు. అది చాలక సముద్రం దాటొచ్చి ఇక్కడ మా ముత్తాతని విడిపించాడు. ఒకే మనిషి, ఒకే పని! పక్క సీటులో కూర్చున్న చేపలమ్మే ఆవిడకి కూడా చెప్పేసింది. ఆవిడ పాపం, "మంచిదమ్మా" అంది.

రమేష్ బాబు ఎలాంటివాడైనా, గాలి ఎటు తిరిగితే అటు తిరగడం తెలిసినవాడు. కథ వింటూనే కళ్లు పెద్దవి చేశాడు. "అక్కా! ఇది మన చర్చి చరిత్రక్కా!" అన్నాడు. హెల్మెట్ల ఆర్డరు ఆపేశాడు. గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే మట్టలాదివారం నాడు అయ్యగారు సంఘం ముందు ఈ కథ చెప్పాలనీ, అసలు టోపీని గాజుపెట్టెలో పెట్టి గుమ్మం పక్కన ఉంచాలనీ కమిటీ తీర్మానించింది. విడిపించినవాళ్ల టోపీ అయితే బంట్రౌతులకి ఎలా పెడతామని ఒకరు లేచారు. అయితే శిష్యులకి పెడదామని ఇంకొకరు. పేతురు తల మీద టోపీ ఏంటని మూడో ఆయన. ఆ వాదన తేలక, ఈ యేటికి ఎవరి టోపీలు వాళ్లకే ఉంచారు. గాజుపెట్టె కింద పెట్టే పలక మీద మాత్రం దొర పేరు కింద అంద్రెయ పేరు కూడా రాయిద్దామన్నారు. రాహేలు ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చింది.

గాజుపెట్టెలో పెట్టేటప్పుడు అసలు గుడ్డే కనబడాలి కదా. ఒక మధ్యాహ్నం రాహేలు తండ్రి వేసిన తొడుగు విప్పడానికి కూర్చుంది. పక్క మంచం మీద దానమ్మ. తండ్రి కుట్లని బ్లేడు మొనతో ఒక్కొక్కటే తెంచుకుంటూ పోయింది. నీలం గుడ్డ జారింది. దాని కింద నీలం లేదు.

మట్టిపట్టిన బూడిద రంగు. వెలిసిపోయి ఉంటుందనుకుంది. గుడ్డ అసలు రంగు తెలియాలంటే కుట్టు మడత విప్పి చూడాలి. అక్కడికి ఎండా పోదు, నీళ్లూ పోవు. విప్పి చూసింది. అక్కడా బూడిదే. చెవుల దగ్గర తోలు పట్టీని పట్టి ఉంచే గుండీలకి కూడా తండ్రి నీలం గుడ్డ చుట్టాడు. అది తీసి చింతపండుతో రుద్దితే ఇత్తడి మెరిసింది. మధ్యలో ఒక చెట్టు. నిటారుగా మాను, కొసన విసనకర్రల్లా విచ్చుకున్న ఆకులు.

దానమ్మ కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "తాటిచెట్టేనే ఇది! మన తాటిచెట్టే. ఇంకేం, ఇక్కడే చేయించుకున్నాడు ఆయన, ఏ బందర్లోనో."

రాహేలుకి ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ కుట్టించుకున్నదైతే రంగుతో ఏం పని? అమెరికాలో తాటిచెట్టెందుకుంటుంది? గుండీ ఫొటో తీసి దేవికకి పంపించింది. కాసేపటికి దేవిక ఫోను చేసింది. మామూలుగా గడగడా మాట్లాడే పిల్ల ఆ రోజు మాటలు వెతుక్కుంది.

"రాహేలు గారూ, అది తాటిచెట్టు కాదండి. అలాగే ఉంటుంది గాని వేరే చెట్టు. అక్కడ దక్షిణాన ఒక రాష్ట్రానికి గుర్తు. అందరికంటే ముందు విడిపోయింది ఆ రాష్ట్రమేనండి."

"అంటే?"

"మొదట్లో ఉత్తరం వాళ్లలో కూడా కొందరు బూడిద రంగు పెట్టుకున్నారు. ఒట్టి రంగే అయితే చెప్పలేమండి. కానీ ఆ గుండీ ఉందంటే..." మాట మార్చి, "వేరే ఎవరిదో ఆయన దాచి ఉండొచ్చు కూడా" అంది.

రాహేలు టోపీని తిరగేసి చూసింది. లోపల నుదురు ఆనే చోట పట్టీ చెమటకి నల్లగా గట్టిపడి ఉంది. ఆయన పెట్టె, ఆయన మాత్రమే దాచుకున్న టోపీ. వేరేవాళ్లదని సర్దిచెప్పుకోవడానికి ఆవిడకి మనసొప్పలేదు.

"మీరు చెప్పమంటే తప్ప నేనెవరికీ చెప్పనండి" అంది దేవిక.

ఫోను పెట్టేశాక రాహేలుకి మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. చచ్చి వందేళ్లయిన మనిషి మీద కోపం. మా ముత్తాత చెయ్యి పట్టుకున్న చెయ్యి అంతకుముందు తుపాకీ పట్టుకుంది ఇందుకా? అలాంటి వెట్టి మనుషుల్ని విడవకూడదనా? మరి ఆ బెంచీ మీద కూర్చోబెట్టిందేంటి, నిజమా వేషమా? తరవాత భయం వేసింది. ఈ సంగతి బయటపడితే గాజుపెట్టె లేదు, పలక లేదు, తండ్రి పేరు లేదు. ప్లాస్టిక్కు హెల్మెట్లు రెండు రోజుల్లో దిగుతాయి. బయటపడకుండా చెయ్యడం ఆవిడకి చిటికెలో పని. నీలం తొడుగు మళ్లీ వేసి, పాత కుట్టు రంధ్రాల్లోంచే కుట్టేస్తే ఇంకో వందేళ్లు ఎవరికీ తెలియదు. సూదిలో దారం ఎక్కించింది కూడా. అంచు మడిచి పట్టుకుంది. తండ్రి తెలియక కప్పాడు, నేను తెలిసి కప్పుతున్నాను అనిపించింది. సూదిని గుడ్డకి గుచ్చి వదిలేసి లేచింది. ఆ వారమంతా ఆ టోపీ వైపు చూడకుండా దేవిక నాటకానికి నీలం టోపీలూ బూడిద టోపీలూ కుట్టింది.

మట్టలాదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ప్రకటనలు చదివి, "ఇప్పుడు మన సంఘానికి ఒక గొప్ప సంగతి" అని మొదలుపెట్టబోయాడు. రాహేలు చీర కొంగు తల మీదికి లాక్కుని లేచి ముందుకి వెళ్లింది. చేతిలో తొడుగు తీసేసిన టోపీ.

"అయ్యగారూ, మీరు చెప్పేలోపు నన్ను చెప్పనియ్యండి. నేను మీకందరికీ తప్పు చెప్పాను. ఇది విడిపించినోళ్ల టోపీ కాదు. బానిసలు ఉండాలి, మేం వదలం అని పోరాడినోళ్ల టోపీ. మా నాన్న పైన నీలం గుడ్డ వేశాడు, అందుకని నేను పొరపాటు పడ్డాను. పెద్ద దొర అటు పక్క సైనికుడు."

రమేష్ బాబు నుదురు కొట్టుకున్నాడు. పలక రాయించడానికి ఇచ్చేశాడు మరి. మగవాళ్ల వైపు నుంచి ఎవరో, "అయితే గోడ మీద ఆయన ఫొటో ఎందుకింక?" అన్నారు. "తియ్యండి" అని ఇంకో గొంతు. ఆ తియ్యండి అన్న గొంతు కూడా ఒక వెట్టి మనిషి మునిమనవడిదే. అతన్నీ తప్పు పట్టలేం.

ముందు బెంచీలో కూర్చున్న దానమ్మ, "ఏంటే? ఏమంటున్నారే?" అని అరిచింది. పక్కావిడ చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పింది. దానమ్మ విని, కర్ర ఊతంగా లేచి నిలబడింది.

"ఎవరే ఫొటో తియ్యమంది? మా తాతని బెంచీ మీద కూర్చోబెట్టిన రోజు సంగతి మా నాన్న నాకు చెప్పాడు. మా తాత నేల మీద కూర్చుంటానంటే దొర కూడా నేల మీద కూర్చున్నాడంట. నువ్వు లేస్తేనే నేను లేస్తానన్నాడంట. ఆ పొద్దు ఆయన నెత్తి మీద ఈ టోపీ ఉందా? లేదు. తీసేసే వచ్చాడు. పెట్టుకుని రాలేదు కదా!"

ముసలావిడకి ఆయాసం వచ్చి కూర్చుండిపోయింది. రాహేలుకి అప్పుడు ఏడుపొచ్చింది. వారం రోజులు బిగబట్టిన ఏడుపు, సంఘమంతా చూస్తున్నా ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు. పారెయ్యకుండా పెట్టెలో ఎందుకు దాచాడో, ఎన్నిసార్లు తీసి చూసుకున్నాడో, చూసుకుని ఏమనుకున్నాడో ఆ దొరకే తెలియాలి. కానీ దాచినవాడు ఇంకెప్పుడూ పెట్టుకోలేదు. ఆవిడకి అది చాలు.

అయ్యగారు చదవాల్సిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫొటో సంగతి ఇంకెవరూ ఎత్తలేదు. రమేష్ బాబు మాత్రం గొంతు సవరించుకుని, "మరి శుక్రవారం సైనికులకి ఏం పెడదాం అక్కా?" అన్నాడు. ఈసారి అందులో హెల్మెట్ల మాట లేదు, నిజంగానే అడిగాడు.

రాహేలు కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇదే పెట్టండి తమ్ముడూ. ప్రభువుని కొట్టేవాళ్ల నెత్తిన ఉండాల్సిన టోపీయే ఇది. మా నాన్న తెలియకపోయినా సరైనవాళ్లకే పెట్టాడు. రంగొక్కటే తప్పు. శుక్రవారానికి బూడిద రంగులో కుట్టి ఇస్తాను."